కాలేజీకి వచ్చిన కరువు

ఆ మంగళవారం ఉదయం ప్రిన్సిపాల్ రామకృష్ణయ్య వేసుకున్న పథకం చాలా చిన్నది. కాలేజీల్లో చదువు నాణ్యతను చూసి గ్రేడు ఇచ్చే బృందం పదిన్నరకు వస్తుంది. వాళ్లకు గేటు దగ్గర పూలగుచ్ఛం, గదిలో జీడిపప్పు, సాయంత్రం లేపాక్షి నంది ముందు ఒక ఫోటో. ఈ మధ్యలో చదువు సంగతి ఎవరూ లోతుగా అడగకపోతే చాలు.

ప్రాణం మీదికి వచ్చింది బాటనీ లెక్చరర్ సరళకు. గ్రేడు తగ్గితే పిల్లలు తక్కువున్న విభాగాన్ని మూసేస్తామని యాజమాన్యం ముందే చెప్పింది. అన్నిటికన్నా తక్కువ మంది ఉన్నది బాటనీలోనే. అది పోతే ఆమె ఉద్యోగమూ పోతుంది. పాపం, ఆమెను గట్టెక్కించాలనే రామకృష్ణయ్య బృందానికి పంపిన నివేదికలో ఒక గొప్ప మాట చేర్చాడు. బాటనీ విభాగం రైతులతో కలిసి నిత్యం పరిశోధన చేస్తోందట!

"ఆ రైతులు యాడుండారు సార్?" అని అడిగింది సరళ.

"అడిగితే చేన్లో ఉండారని చెప్పమ్మా. రైతులు ఇంకేడుంటారు?"

అదే సమయానికి అటెండర్ తిప్పేష్ టీ అంగడి దగ్గర నిలబడి, కాలేజీకి సున్నం ఎందుకు కొట్టారో చెబుతున్నాడు. "పెద్ద ఆఫీసర్లు వస్తాండారు. కాలేజీలోనే దిగుతారు. అన్నీ చూసి రాసుకొని పోతారంట."

అందులో అబద్ధమేమీ లేదు. కానీ ఆ ఊరికి తెలిసినంతలో, ఆఫీసర్లు కార్లలో వచ్చి రాసుకుపోయేది ఒక్క కరువునే. టీ తాగుతున్న రైతు సోమప్ప గ్లాసు సగంలోనే వదిలేసి చేనికి పరుగెత్తాడు. కాసేపటికి సగం ఊరు ఎండిన శనక్కాయ చెట్లు పీక్కుని కాలేజీ దారి పట్టింది.

వాళ్లను చూసి రామకృష్ణయ్యకు చెమటలు పట్టాయి. "గేటు వెయ్ రా తిప్పేష్! లోపల టీం ఉండాది!" అన్నాడు.

గేటు వేయడంతో, లోపలున్నది కరువు ఆఫీసర్లేనని సోమప్పకు అనుమానం తీరిపోయింది. "చూస్తిరా? పోయిన తూరి కారు దిగకుండానే పోయినారు. ఈసారి గేటే వేస్తాండారు. పదండప్పా ఎనకనుంచి!"

వెనక వైపు తలుపు నేరుగా బాటనీ ల్యాబులోకే. అక్కడ బృందం పెద్ద, ప్రొఫెసర్ పుష్పావతి, "మీతో పనిచేసే రైతులను ఒకసారి చూడవచ్చా?" అని అప్పుడే అడిగింది. సరళ నోరు తెరిచేలోగా తలుపు తెరుచుకుంది. సోమప్ప చేతిలోని చెట్లను తెచ్చి మైక్రోస్కోపు పక్కన కుప్ప పోశాడు.

పుష్పావతి కళ్లు మెరిశాయి. "మీరు తరచుగా ఇలా చూపిస్తారా?"

"ఎప్పుడొస్తే అప్పుడు చూపిస్తామమ్మా. రాసుకుంటారు."

"ఏమైనా ప్రయోజనం కనిపించిందా?"

"ఇంతవరకు యాం లేదు. అయినా చూపించేది మేం ఇడ్సము."

ఇంత ఓపికగల రైతులను ఆమె ఎక్కడా చూడలేదు. వెనకే పరుగెత్తుకొచ్చిన రామకృష్ణయ్యకు పోయిన ప్రాణం సగం తిరిగి వచ్చింది. మిగతా సగం రాకముందే సరళ ఒక వేరును చీల్చి అద్దం కింద పెట్టింది. చూస్తూ చూస్తూ బృందాన్నీ, ఉద్యోగాన్నీ మరిచిపోయింది.

"ఇది ఎండకు ఒక్కదానికే పోలేదు. వేరుకుళ్లు తెగులు ఉండాది," అంది.

సోమప్ప అదిరిపడ్డాడు. "మెల్లగా అనమ్మా! ఆఫీసర్లు వింటాండారు!"

"ఉన్నదే కదన్నా చెప్పేది."

"ఉన్నది ఇంట్లో చెప్పు తల్లీ! తెగులంటే పరిహారం ఇయ్యరు. ఈడ ఎండకే పోయిందని చెప్పు!"

రైతుల్లోంచి ఆంజినమ్మ అందరినీ తోసుకుని వచ్చి అద్దంలో కన్ను పెట్టింది. "ఏమప్పా, ఇంత ఉండాదా లోపల! మా పక్క చేను పచ్చగానే ఉండాది కదమ్మా, దానికేల పట్టలేదు?"

సరళ తల ఎత్తింది. "నాకూ తెలీదక్కా. ఆ చేనివి నాలుగు వేర్లు తెస్తావా? చూస్తాం."

సోమప్పకు ఇక ఓపిక పోయింది. నేరుగా పుష్పావతి ముందు చేతులు కట్టుకున్నాడు. "ఈయమ్మ మాట పట్టుకోవద్దండి. కరువని రాసుకోండి, సాలు."

"కరువా? మేము వచ్చింది కాలేజీకి గ్రేడు ఇవ్వడానికండీ."

రామకృష్ణయ్య దగ్గర్లో ఉన్న స్టూలు మీద కూలబడ్డాడు. ఇక దాచి లాభం లేదని సరళే నోరు విప్పింది. "మేడం, వీళ్లు ఈ ల్యాబుకు రావడం ఇదే మొదటిసారి. నివేదికలో రాసింది నిజం కాదు."

పుష్పావతి ఆమెను, వేర్లను, ఇంకా అద్దం వదలని ఆంజినమ్మను మార్చి మార్చి చూసింది. "ప్రతి కాలేజీలోనూ రైతులను తెచ్చి, శాలువాలు కప్పి కూర్చోబెడతారు. వాళ్లు అన్నిటికీ తలలూపుతారు. లెక్చరర్‌తో పోట్లాడే రైతులను ఇక్కడే చూశాను. ఆ నివేదికలో మాట కొట్టేస్తాను. చూసింది రాస్తాను."

నెల తిరిగేసరికి మంచి గ్రేడు వచ్చింది. బాటనీ విభాగం నిలిచింది. మిఠాయి పెట్టెతో ఊళ్లోకి వచ్చిన రామకృష్ణయ్యను సోమప్ప ఆపి, విషయమంతా విన్నాడు.

"మా చేను ఎండితే మీ కాలేజీకి మార్కులు వచ్చినాయా సార్?"

రామకృష్ణయ్య రెండు లడ్డూలు అతని చేతిలో పెట్టాడు.

కరువు బృందం మాత్రం ఇంకా రాలేదు.