అధ్యక్షుడి తెల్ల నూనె

ఆ శనివారానికి తౌనో వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. పది గంటలకు సరస్సు రేవు దగ్గర పడవల సంఘం సభ్యులకు మోటార్లను చలికాలానికి ఎలా సిద్ధం చేసుకోవాలో చూపించడం, పన్నెండుకల్లా ఇంటికొచ్చి సాల్మన్ చేపల సూపు తాగడం, మూడింటికి ఆవిరి స్నానానికి సౌనా వెలిగించడం. ఆయన రిటైరైన హెడ్మాస్టరు. పదకొండేళ్లుగా సంఘానికి అధ్యక్షుడు. ఏటా అక్టోబరులో ఇదే పాఠం చెబుతాడు. మోటారు అడుగున గేర్లకు పోసిన నూనెలో నీళ్లు కలిశాయంటే అది మోటారు తప్పు కాదు, మనిషి తప్పు అని ఏటా కసురుతాడు కూడా.

పద్నాలుగు మంది ఊలు టోపీలు పెట్టుకుని చుట్టూ నిలబడ్డారు. తౌనో ఈసారి తన మోటారునే స్టాండుకు తగిలించి, కింద పళ్లెం పెట్టి, అడుగు మర విప్పాడు. తర్వాత పై మర విప్పాడు. "మంచి నూనె తేనెరంగులో దిగుతుంది, చూడండి" అన్నాడు.

దిగింది పాలు ఎక్కువైన కాఫీలా ఉంది.

రొట్టెల దుకాణం వెయ్కో ఆ వేసవిలోనే పడవ కొన్నాడు. మర్యాదగా ముందుకు వంగి చూశాడు. "తేనెరంగంటే ఇదేనా, మాస్టారూ?"

నీళ్లు కలిశాయని ఒప్పుకోవడానికి రెండు మాటలు చాలు. ఆ రెండూ తౌనో గొంతు దాటి రాలేదు. "ఇది కొత్త రకం" అన్నాడు. "గట్టి చలికని ప్రత్యేకంగా వచ్చింది. తెల్లగానే ఉంటుంది."

ఇద్దరు సభ్యులు ఆ ముక్క నోటుపుస్తకాల్లో రాసుకున్నారు. మరి తేనెరంగు నూనె పనికిరాదా అని ఇంకొకరు అడిగారు. పనికిరాదని తాను అనడం లేదన్నాడు తౌనో, పనికిరాదని అందరికీ అర్థమయ్యే గొంతుతో.

సూపు ముందు కూర్చునేసరికి ఫోను మోగింది. అవతల పనిముట్ల దుకాణం యజమాని. అప్పటికే ఆరుగురు వచ్చి తెల్ల నూనె అడిగారట, ఏ కంపెనీదో చెబితే తెప్పిస్తానన్నాడు. డబ్బా పారేశాననీ, పేరు గుర్తు లేదనీ చెప్పి తౌనో ఫోను పెట్టేశాడు. తెల్ల నూనె ఎప్పుడు కొన్నావని భార్య కెర్తు అడిగింది. సూపులో ఉప్పు తగ్గిందన్నాడు ఆయన.

అంతలో వెయ్కో వచ్చాడు, ముఖం వెలిగిపోతూ. దుకాణంలో తెల్ల నూనె దొరకలేదట. తన దగ్గరున్న మామూలు నూనెనే క్రీము గిలకొట్టే మిషనులో పోసి పది నిమిషాలు తిప్పాడట.

"మీ దానికంటే తెల్లగా వచ్చింది, మాస్టారూ. మోటారులో పోసేశాను కూడా."

అది గాలి బుడగల తెలుపు, తెల్లారేసరికి దిగిపోతుందని తౌనోకు తెలుసు. చెబితే మిగతాదంతా చెప్పాలి. అందుకని బాగుందన్నాడు. వెయ్కో వెళ్లబోతూ గుమ్మం దగ్గర ఆగాడు. రొట్టె కోసం ఇర్యా ఫోను చేస్తే ఆ నూనె సంగతి చెప్పాననీ, ఆమె మోటారులోంచి కూడా తెల్ల నూనే వచ్చిందనీ, తనదీ మంచి రకమేనని మిగతాది లోపలే ఉంచి మరలు బిగించేసిందనీ చెప్పాడు.

తౌనో చెంచా కింద పెట్టేశాడు. ఇర్యా ముప్పై ఏళ్లు ఉత్తరాలు పంచి రిటైరైంది. అవతలి గట్టున రోడ్డు లేని చోట ఒక్కతే ఉంటుంది. మంచు కరిగాక ఊళ్లోకి రావాలంటే ఆ మోటారే ఆమెకు కాళ్లు. ఆ రాత్రి సున్నాకు తొమ్మిది డిగ్రీలు కిందికి పోతుందని రేడియో పొద్దుటినుంచీ చెబుతోంది. లోపల నీళ్లుంటే గడ్డకట్టి ఉబ్బుతాయి, గేర్ల పెట్టె పగులుతుంది.

నిజం చెప్పకుండా మోటారును కాపాడే దారేదైనా ఉందా అని ఆయన ఆలోచించాడు. కంపెనీవాళ్లు ఆ నూనెను వెనక్కి తీసుకుంటున్నారని చెబితే ఎలా ఉంటుందని పైకే అనేశాడు. కెర్తు టోపీ తెచ్చి చేతికిచ్చింది.

తన మోటారు రేవులో ఖాళీగా వేలాడుతోంది కాబట్టి తెడ్లు వేసుకుంటూ వెళ్లాడు. గట్టు చేరేసరికి నలభై నిమిషాలు పట్టింది, అరచేతులు బొబ్బలెక్కాయి. ఇర్యా మెట్లమీదే కూర్చుని ఉంది. పక్కన చేత్తో గాలి కొట్టే పంపు, సబ్బునీళ్ల చెంబు.

"ఇర్యా, అది కొత్త రకం కాదు. నీళ్లు" అన్నాడు తౌనో, పడవ దిగకుండానే. "అందరి ముందూ అబద్ధమాడాను. ముందు నీ మోటారులోది తీసేద్దాం పద."

ఆమె షెడ్డు తలుపు తెరిచి పళ్లెం చూపించింది. అందులోది అచ్చంగా తేనెరంగు.

"మరి తెల్లగా వచ్చిందన్నావట?"

"అన్నాను. మీరు వస్తారో రారో చూద్దామని. భోజనం కాగానే వస్తారనుకున్నా. ఆలస్యం చేశారు, ప్రెసిడెంటు గారూ."

పంపు, సబ్బునీళ్లు ఆయన మోటారు కోసమే. ఆమె వాటితో తౌనో పడవ ఎక్కి కూర్చుంది, ఆయన మళ్లీ తెడ్లు వేశాడు. రేవులో ఆమె నూనె రంధ్రంలోకి గాలి కొట్టి, చుట్టూ సబ్బునీళ్లు పూసింది. నీటిలో తిరిగే పంకా వెనక బుడగలు లేచాయి, నీళ్లు దూరేది అక్కడే. పంకా ఊడదీస్తే ఇరుసుకు ఆకుపచ్చ గాలపు దారం చుట్టుకుని, నీళ్లను ఆపే సీలును కోసేసి ఉంది. ఆ సరస్సులో ఆకుపచ్చ దారం వాడే మనిషి ఒక్కడే. ఆయన తల వంచుకున్నాడు.

ఆదివారం పొద్దున్న తౌనో రాజీనామా కాగితం జేబులో పెట్టుకుని అందరినీ రేవుకు పిలిచాడు, జరిగింది చెప్పాడు. వెనక నుంచి ఒకాయన గొంతు సవరించుకుని, తన నూనె మూడేళ్లుగా తెల్లగానే వస్తోందన్నాడు, కసురుతారని చెప్పలేదట. ఇంకొకరు తనది ఐదేళ్లన్నారు. అలా ఏడుగురు తేలారు. ఇర్యా పంపు చీకటిపడేదాకా చేతులు మారింది. వెయ్కో నూనె మాత్రం తెల్లారేసరికి మామూలు రంగుకు వచ్చేసింది, అందుకతను కొంచెం బాధపడ్డాడు. రాజీనామా సంగతి ఎవరూ ఎత్తలేదు.

ఆ ఏటి శిక్షణ గురించి కార్యదర్శి సంఘం పుస్తకంలో ఒకే వాక్యం రాశాడు: అధ్యక్షుడు ఈసారి సొంత మోటారుతో చూపించారు, సభ్యులకు మొదటిసారి అర్థమైంది.