చిటికెన వేలికి తేనె

షుగర్ ఉన్నవాడికి కాలి మీద మానని పుండు పడటం మహాభాగ్యమని నేను ఢంకా బజాయించి చెబుతాను. నవ్వకండి! పదకొండేళ్లుగా షుగర్‌తో కాపురం చేస్తున్న నన్ను పలకరించిన నాథుడు లేడు. కొత్త బూటు కరిచి ఎడమకాలి చిటికెన వేలికి పుండు పడిందో లేదో, నా ఫోను మోగని పూట లేదు.

మా ఆఫీసు గ్రూపులో నేను కాక నూట పన్నెండు మంది ఉన్నారు. వాళ్లలో డాక్టరు ఒక్కరూ లేరు. అయితేనేం? పుండు ఫొటో పెట్టగానే స్టోర్స్ పెద్దాయన నత్త జిగురు పట్టించమన్నాడు. డ్రైవరు జలగల్ని వదలమన్నాడు, చెడ్డ రక్తం పీల్చేస్తాయట. టైపిస్టమ్మ చేప చర్మం అతికించిన కాలి ఫొటో పంపింది. అది ఎవరి కాలో, ఏ చేపో ఆవిడకూ తెలియదు. గుడ్డు పెంకు లోపలి పొర, గొర్రె కొవ్వు, పట్టుపురుగు గూడు... ఒక్క వేలి కోసం ఇంత జంతుజాలం కదిలి వచ్చిందంటే నేనేమన్నా సామాన్యుణ్నా?

చదువుకున్నవాణ్ని కదా, రీసెర్చ్ చేశాను. అంటే ఫార్వర్డ్‌లన్నీ రెండేసి సార్లు చదివాను. చివరికి తేనె ఖాయం చేశాను. నత్త కావాలంటే వంగి వెతకాలి, తేనె అయితే సీసాలో వస్తుంది.

పైగా అందులో ఇంకో సుఖం ఉంది. వేలికి రాశాక చెంచాకు అంటుకున్నది ఏం కావాలి? పదకొండేళ్లుగా తీపికి మొహం వాచిన నోరు ఊరుకుంటుందా? వైద్యం పేరు చెప్పి సీసాలో సగం వేలికి, సగం నాకు. నిజం చెప్పొద్దూ, వేలి వాటా కాస్త తక్కువే.

మా ఆవిడది రోజూ ఒకటే మాట. "ఏదీ, ఆ కాలు ఒక్కసారి ఇలా పెట్టండి, చూస్తాను."

నొప్పే లేదు, నీకెందుకు అని కసిరి మేజోడు ఎక్కించేవాణ్ని. నిజంగానే నొప్పి లేదు. ఎంత గొప్ప మందు!

పన్నెండో రోజు పొద్దున తేనె రాసుకుని, కాలు స్టూలు మీద పెట్టి, నత్తల వీడియో చూస్తున్నాను. కాఫీ తెచ్చిన మా ఆవిడ అలాగే నిలబడిపోయింది. గుమ్మం నుంచి స్టూలు దాకా చీమల బారు. వేలు కనపడకుండా పట్టేశాయి. కుడుతున్నాయి కూడా. నాకు తెలియనే లేదు.

ఆస్పత్రిలో నర్సమ్మ పుండు కడుగుతూ నిదానంగా చెప్పింది. "తేనె మేమూ వాడతాం సార్. కానీ అది ఇందుకోసం శుద్ధి చేసింది, పుండు శుభ్రం చేశాక రాస్తాం. ఇదేమో ఎముక దాకా పోయింది. ఇన్నాళ్లూ ఎవరికీ చూపించలేదా?"

నూట పన్నెండు మందికి చూపించానన్నాను. ఆవిడ నవ్వలేదు.

కాలికి స్పర్శ పోయింది కాబట్టే నొప్పి లేదని డాక్టరు చెప్పాడు. ఇంకో వారం ఆగి ఉంటే పాదమే తీసేయాల్సి వచ్చేదట. వేలితో సరిపెట్టాడు.

ఇప్పుడు చెప్పండి, జంతువుల వైద్యం పనిచేయదని ఏ నోటితో అనను? నా పాదాన్ని కాపాడింది చీమలే! ఆ సంగతి గ్రూపులో పెడితే అందరూ బొటనవేళ్లు ఎత్తారు. స్టోర్స్ పెద్దాయన అవి ఎర్ర చీమలా, నల్ల చీమలా అని అడిగాడు.

వాళ్లనేమీ అనను. అడిగినవాళ్లకు చెప్పారు, అంతే. కాలు చూపించమని అడిగింది మాత్రం మా ఆవిడ ఒక్కతే. ఊరందరికీ పుండు చూపించిన నేను, ఆవిడకు మేజోడు చూపించాను.