ఇరవై ఒక్క రకాల గింజలు

సోమవారం పొద్దున రేఖ అనుకున్నది చిన్న పనే. జహీరాబాద్‌లోని కాన్వెంటు స్కూల్లో మూడో తరగతి చదివే కూతురు స్నేహకు సిస్టర్ ఒక ప్రాజెక్టు ఇచ్చారు. మన దగ్గర పండే ఐదు రకాల గింజలు చార్టు మీద అతికించి, వాటి పేర్లు నేర్చుకుని రావాలి. శుక్రవారం ప్రదర్శన. మొదటి బహుమతి వచ్చిన పిల్లతో పాటు తల్లిని కూడా మైకులో పిలిచి స్టేజీ ఎక్కిస్తారు.

కిందటేడు ఎక్కింది పక్కింటి నారమ్మ, దవాఖానలో నర్సు. సిస్టర్ పక్కన నిలబడిన ఫొటోను వారం రోజులు ఫోన్ స్టేటస్‌లో పెట్టింది. రేఖ రోజూ తెరిచి చూసి మరీ కళ్లల్లో నిప్పులు పోసుకుంది. ఈసారి ఆ మెట్లు తను ఎక్కకపోతే ఆమెకు అన్నం సహించేలా లేదు.

సాయంత్రం స్నేహ కబురు తెచ్చింది. "అమ్మా, రమ్య పది రకాలు తెస్తదంట." రమ్య నారమ్మ కూతురు.

నిజమేనా అని నారమ్మనే అడగొచ్చు. కానీ రేఖకు నామోషీ. పైగా వాళ్ల కిటికీ పగలంతా మూసే ఉంటోంది. నైట్ డ్యూటీ చేసొచ్చి పడుకుందని ఎవరైనా అనుకుంటారు. లోపల కూర్చుని గింజలు అతికిస్తోందని రేఖ అనుకుంది.

మంగళవారం బడి వదలగానే, ట్యూషన్ మాన్పించి పిల్లను షేర్ ఆటోలో ఝరాసంగంలోని అత్తగారింటికి తీసుకెళ్లింది. అత్త బస్వమ్మ డబ్బాలన్నీ వెతికి సామలు, కొర్రలు, అవిసెలు మూటగట్టి ఇచ్చింది. బుధవారం రమ్యవి పదిహేనయ్యాయి. మళ్లీ ట్యూషన్ బంద్, మళ్లీ ఆటో. గురువారం ఇరవై అంది స్నేహ. బస్వమ్మ అటక మీది పాత కందులు కూడా దులిపి ఇచ్చింది. బరువుకు చార్టు చిరిగిపోతే, రేఖ తన భర్త రాజశేఖర్ బట్టల దుకాణంలో అలమార చెక్క ఊడదీయించి ఇరవై ఒక్క రకాలు అతికించింది.

"మరి చీరెలు యాడ పెట్టాలె?" అన్నాడాయన.

"నెత్తిమీద పెట్టుకో. నారమ్మ ముంగట నా ఇజ్జత్ పోతాంది."

శుక్రవారం ఇద్దరూ కలిసి చెక్కను మోసుకొచ్చి స్టేజీ మీది బల్లపై పెట్టారు. పక్కనే రమ్య చార్టు. దాని మీద ఐదే రకాలు. సిస్టర్ ఏది చూపిస్తే దాని పేరు ఆ పిల్ల టకటకా చెప్పింది. స్నేహ మూడు చెప్పి తల్లి మొహం చూసింది. నాలుగోది తల్లికీ తెలియదు.

రేఖ కూతుర్ని పక్కకు లాగింది. "ఇరవై అన్నవ్ గదనే?"

"అట్ల చెప్తెనే కద ఝరాసంగంల అవ్వ తానికి తీస్కపోతవ్. ఆడ ట్యూషన్ ఉండదు."

బహుమతి రమ్యకే వచ్చింది. నారమ్మ డ్యూటీలో ఉండి రాలేదు, పిల్ల ఒక్కతే వెళ్లి తీసుకుంది. తల్లి నిలబడాల్సిన ఆ ఖాళీ చోటు చూసి రేఖకు మరింత ఒళ్లు మండింది. అంతలో మైకులో స్నేహ వాళ్ల అమ్మగారు స్టేజీ మీదికి రావాలన్నారు. ప్రత్యేక బహుమతేమోనని రేఖ కొంగు సర్దుకుని, భర్తను ఫొటో తియ్యమని చెప్పి గబగబా మెట్లెక్కింది.

సిస్టర్ మెల్లగా చెప్పారు. "అమ్మా, మీ కందుల్లోంచి పురుగులు అందరి చార్టుల మీదికీ పాకుతున్నాయి. ఈ చెక్క కొంచెం తీసుకెళ్లండి."

రాజశేఖర్ అప్పటికే నాలుగు ఫొటోలు తీశాడు. ఆ ఏడాది మైకులో పిలిచి స్టేజీ ఎక్కించిన తల్లి రేఖ ఒక్కతే.