మైకు ఆపని కెప్టెన్

వీడియో గేముల సంగతి నాకు తెలిసినంతగా మా వీధిలో మరెవరికీ తెలియదు. ఒంటరిగా ఆడే ఆటలో చస్తే మళ్లీ పుడతాం. నలుగురితో కలిసి ఆడే ఆటలో చస్తే నలుగురూ తిడతారు. ఈ మర్మం తెలిసినవాడే అసలైన ఆటగాడు. అయితే నేను ఇంతవరకు ఒక్క మీటా నొక్కి ఎరగను. నాకున్న జ్ఞానమంతా పక్కింటి గోడలోంచి వినపడిందే.

ఆ గోడకు అవతల కళ్లజోళ్ల షాపాయన కాపురం. ఊరందరి చూపూ సరిచేస్తాడు గాని, ఆటలో పొదచాటున దాగిన శత్రువు ఆయనకు ఏనాడూ కనపడలేదు. అయినా ఐదుగురి జట్టుకు ఆయనే కెప్టెన్. ఆ ఆదివారం పొద్దున పోటీ ఉంది. ఇది కూడా ఓడిపోతే పదవి వదులుకోవాలని జట్టు ముందే తేల్చి చెప్పింది. పాపం, ఆయన తలంటు పోసుకుని, పరీక్షకు వెళ్లే పిల్లాడిలా మైకు ముందు కూర్చున్నాడు.

సరిగ్గా ఆ పొద్దునే ఆయన భార్య మేడమీది బీరువాను కిందికి దింపించాలనుకుంది. మోయడానికి ఆవిడ తమ్ముళ్లిద్దరూ వచ్చారు.

"ఏమండీ, మీరూ ఓ చెయ్యి వెయ్యకూడదూ?"

"యుద్ధంలో ఉన్నానే!"

"మీరు యుద్ధంలో లేనిదెప్పుడు? పోనీ, గెలిచిందెప్పుడు?"

ఆట గది మెట్లకు ఎదురుగానే ఉంది. బీరువా నాలుగు మెట్లు దిగిందో లేదో, ఆటలో బాంబు వచ్చి పడింది. కెప్టెన్ ఇల్లదిరేలా అరిచాడు. "వదిలెయ్యండి! అన్నీ వదిలేసి పారిపోండి!"

బావమరుదులు బావ మాట జవదాటేవారు కారు. వదిలేసి, పెద్దవాడు పైకీ చిన్నవాడు కిందికీ పారిపోయారు. బీరువా ధడధడమని జారి, మెట్ల మలుపులో గోడకూ కమ్మీలకూ మధ్య ఇరుక్కుంది. ఆ చప్పుడుకు నేనూ వాళ్లింటికి పరుగెత్తాను.

"నిన్నెవడు వదలమన్నాడురా?" అంది అక్క.

"బావే అన్నాడక్కా! వీధంతా విన్నారు!"

"నిన్ను కాదురా నాయనా!" అంటూ కెప్టెన్ మైకు ఆపకుండానే మెట్లమీదికి పరుగెత్తాడు. అక్కడ ఆటలో ఆయన బొమ్మ నిలబడ్డచోటే నిలబడి చచ్చింది.

ఇక భార్య కొంగు బిగించి ఆట గది గుమ్మంలో నిలబడింది. "ఎవ్వరూ కదలొద్దు! నోరెత్తారో, చంపేస్తాను!"

ఆ గొంతు మైకులో పడింది. జట్టులో మిగిలిన నలుగురూ, కెప్టెన్ ఎవరో కొత్త కోచ్‌ని తెచ్చాడనుకుని బిగుసుకుపోయారు. అలికిడి లేకపోయేసరికి, శత్రువులు తాము గెలిచామనుకుని పొదల్లోంచి తీరిగ్గా బయటికి నడిచి వచ్చారు.

"కిందున్నవాడు ఎడమకి జరుగు. పైనున్నవాడు వంగు. ఇంకా వంగరా, నడుం లేదా నీకు?"

జట్టులోని బస్సు డ్రైవరు తన బొమ్మను ఎడమకు జరిపాడు. అదే జట్టులో, ఆటలోని మిద్దెమీద కాపుకాసిన నర్సు తన బొమ్మను వంచింది.

"ఇప్పుడు! ఒక్కసారిగా తోసెయ్యండి!"

ఇక్కడ బీరువా ఊడివచ్చింది. అక్కడ నలుగురూ ఒక్కపెట్టున శత్రువుల మీద పడ్డారు. ఆ జట్టు పుట్టి బుద్ధెరిగాక అదే మొదటి గెలుపు.

"ఎవరమ్మా మీరు? ఇన్నాళ్లూ ఎక్కడున్నారు?" అని స్పీకరులోంచి డ్రైవరు అడిగాడు.

"వంటింట్లో," అంది ఆవిడ.

"ఇకనుంచి కెప్టెన్ మీరే మేడం," అంది నర్సు. "మరి మీ ఆయన్ని ఏం చేద్దాం? జట్టులో ఉంచమంటారా, తీసెయ్యమంటారా?"

కళ్లజోళ్లాయన అద్దాలు తుడుచుకుంటూ భార్య ముఖంలోకి చూశాడు. పదవి ఎలాగూ పోయింది, చోటైనా మిగిలితే చాలనుకున్నాడు. ఆవిడ మైకు దగ్గరికి వచ్చింది.

"ఉండనివ్వండమ్మా. ఆట లేకపోతే మనిషి చిక్కిపోతారు," అంది.

జరిగింది జరిగినట్టే చెప్పాను. ఆ చివరి మాట ఒక్కటి మాత్రం, ఆయన ముఖం చూడలేక నేను కల్పించాను.