చేతులున్న సంచి

నవంబరు పన్నెండో తేదీ. ఆ రోజు పొద్దున్న మేం తిన్నవి ఉడికించిన గుడ్లు, కాల్చిన రొట్టె. తేదీ ఎందుకు గుర్తుందంటే ఆ రోజుతో మా అమ్మాయికి ఎనిమిదేళ్లు నిండాయి. గుడ్లు ఎందుకు గుర్తున్నాయంటే, మిగిలిన నాలుగూ రెండు గంటల తర్వాత నలుగురి ఎదుటా నా కోటులోంచి బయటికొచ్చాయి.

అప్పుడే నవ్వకండి. ముందు సంగతి వినండి.

అప్పట్లో నేను తూనికలు కొలతల ఆఫీసులో ఇన్‌స్పెక్టర్ని. కొట్టు కొట్టుకీ వెళ్లి కాటాలు సరిగ్గా తూగుతున్నాయో లేదో చూడటం నా ఉద్యోగం. నన్ను చూడగానే ప్రతి కొట్టు యజమానీ "నా దగ్గరేం లేదండీ" అనేవాడు. ఆ మాట ఎంత గట్టిగా అంటే అతని దగ్గర అంత ఎక్కువ ఉండేది. అందుకని ఇంట్లో మా ఆవిడ నన్ను "తనిఖీగారూ" అని పిలిచేది. ఆవిడ ముందుగదిలో కుట్టుమిషను పెట్టుకుని వీధిలో సగంమందికి బట్టలు కుట్టేది. మిగతా సగంమందికి బిగుతైన బట్టలు వదులు చేసేది.

బస్సులో గంట దూరంలో ఒక వినోదాల పార్కు ఉండేది. అందులో బొమ్మరైలు. రోజూ పదకొండింటికి మొదటి ట్రిప్పు. ఆ ట్రిప్పుకి అందరికంటే ముందు చేరిన పిల్లని డ్రైవరు తన పక్కన కూర్చోబెట్టుకుని గంట కొట్టనిచ్చేవాడు. ఆ గంట కొట్టాలని మా అమ్మాయి ఆశ. ఇంట్లో ఏ గిన్నె కనబడినా గరిటె పుచ్చుకుని సాధన చేసేది. రెండు దెబ్బలు గబగబా, మూడోది ఆగి, నిదానంగా. దానికి గంటమ్మ అని పేరు స్థిరపడిపోయింది.

అంతకుముందు ఏడాది పుట్టినరోజుకి అక్కడికే తీసుకెళ్లాం. గేటు దగ్గర సంచులు వెతుకుతున్నారు. మా ఆవిడ సంచి సంగతి మీకు తెలియదు. అందులో గొడుగు, నీళ్ల సీసా, కత్తెర, సూది, దారం, ఒక తువ్వాలు, ఆ తువ్వాలు తడిస్తే తుడుచుకోవడానికి ఇంకో తువ్వాలు ఉండేవి. గార్డమ్మ ఒక్కొక్కటీ తీసి బల్లమీద పరిచేసరికి అదొక చిన్న కొట్టులా తయారైంది. వెనకున్నావిడ దారం ధర కూడా అడిగింది.

మేం రైలు దగ్గరికి పరుగెత్తేసరికి పదకొండూ పది. రిబ్బన్ల జడల పిల్ల ఒకతె డ్రైవరు పక్కన కూర్చుని అప్పుడే గంట కొడుతోంది. గంటమ్మ ఏడవలేదు. నా వేలు పట్టుకుని, "పోనీలే నాన్నా. ఇక్కణ్ణించి కూడా బాగానే వినబడుతోంది" అంది. ఏడ్చినా బాగుండేది.

బయటికొచ్చేటప్పుడు సందర్శకుల అభిప్రాయాల పుస్తకం కనబడింది. నేను ఊరుకుంటానా. రెండు పేజీలు రాశాను. సంచి లేనివారికి వేరే వరుస పెట్టాలన్నాను. అసలు సంచి అంటే ఏమిటో ముందు తేల్చాలన్నాను. నా ఒంటిమీద చూసుకుంటే చొక్కాకి ఒకటి, ప్యాంటుకి రెండు, మొత్తం మూడు జేబులు. దాన్నే కొలతగా పెట్టి, "మూడు అరలకు మించి ఉన్నది ఏదైనా సంచియే" అని ఖాయంగా రాశాను. తిరుగు బస్సులో ఆ వాక్యాన్ని మా ఆవిడకి మూడుసార్లు వినిపించాను. మూడోసారికి ఆవిడ కిటికీ వైపు తిరిగి పడుకుంది.

ఎనిమిది నెలలకి పార్కువాళ్ల దగ్గర్నుంచి కార్డు వచ్చింది. మీ సూచనలు అమల్లో పెట్టాం, ధన్యవాదాలు, అని. కార్డుని అద్దం అంచున గుచ్చాను. గడ్డం గీసుకునేటప్పుడల్లా నా మొహం పక్కన అది కనబడేది. రెండింటినీ చూసి మురిసిపోయేవాణ్ణి.

మళ్లీ నవంబరు వచ్చింది. నాకొక పథకం తట్టింది.

"ఈసారి సంచి లేకుండా వెళ్దాం" అన్నాను.

"అలాగే. నీళ్లు?"

"నా కోటులో."

"గుడ్లు?"

"కోటులో."

"గొడుగు?"

"గొడుగెందుకు? వానొస్తే నా కోటు కిందికి రా."

"పదేళ్ల కిందట అనాల్సిన మాట" అంది ఆవిడ, సూదిలో దారం ఎక్కిస్తూ.

పాత పొడుగు కోటు తెచ్చి మిషనుమీద పెట్టాను. "దీనికి లోపలివైపు పద్నాలుగు జేబులు కుట్టు."

ఆవిడ కళ్లద్దాల పైనుంచి చూసింది. "మూడు చాలవా?"

"మూడు దేనికి సరిపోతాయి? పద్నాలుగు."

"నిజంగా మూడు చాలవా అండీ?"

"నీకు కుట్టడానికి బద్ధకమైతే చెప్పు."

ఆవిడ పద్నాలుగూ కుట్టింది. దారం తెగకుండా, జంట కుట్టు వేసి మరీ కుట్టింది. నేనొక్కడినే ఏదో కనిపెట్టినట్టు ఇంట్లో అటూ ఇటూ తిరిగాను.

ఆ రోజు పొద్దున్న మా ఆవిడే కోటు నింపింది. తొడుక్కునేసరికి నేను నిలువుగా ఎంతో అడ్డంగా అంతే అయ్యాను. బస్సులో రెండు సీట్లు పట్టాయి. కండక్టరు నన్ను కింది నుంచి పైదాకా చూసి, ఏదో అనబోయి, పోనీలే అని వదిలేశాడు. నడుస్తుంటే ఎడమవైపు నీళ్లు, కుడివైపు బిస్కెట్లు శబ్దం చేస్తున్నాయి. పార్కు చేరేసరికి పదిన్నర.

గేటు దగ్గర నిజంగానే రెండు వరుసలు. సంచులున్న వరుస రోడ్డు మలుపుదాకా ఉంది. సంచులు లేని వరుసలో ఆరుగురే. పైన పెద్ద బోర్డు, దానిమీద నా వాక్యం.

"చూశావా?" అన్నాను.

"చూశాను. అక్షరం పొల్లుపోలేదు" అంది మా ఆవిడ. "మేమిద్దరం ముందు నడుస్తాం. మీరు వెనక రండి. ఆ కోటు పక్కనుంటే పిల్ల నలిగిపోతుంది."

వాళ్లిద్దరూ చేతులూపుకుంటూ లోపలికి వెళ్లిపోయారు. నా వంతు వచ్చింది. గార్డు సన్నగా, కొత్త పెన్సిల్‌లా ఉన్నాడు. మర్యాదగానే అడిగాడు.

"లోపల ఏమన్నా ఉన్నాయా సార్?"

"నా దగ్గరేం లేదు బాబూ" అన్నాను.

ఆ మాట నోరు దాటాక గాని అది ఎవరి మాటో నాకు గుర్తురాలేదు. గార్డు చేతిలో యంత్రం నా ఛాతీ దగ్గరికి రాగానే కుయ్యోమంది. అతను నా కోటు జేబులోంచి ఒక ఇత్తడి దిమ్మ తీశాడు. కాటాలు పరీక్షించడానికి నేను ఎప్పుడూ వెంట ఉంచుకునే తూకం రాయి అది. సెలవురోజున కూడా అలవాటుకొద్దీ వేసుకున్నాను.

"ఇదేంటి సార్?"

"రెండువందల గ్రాములు."

"దేనివి?"

"దేనివీ కావు. ఉత్త రెండువందల గ్రాములు."

అతనికి అనుమానం వచ్చింది. వస్తుంది మరి, నాకైనా వచ్చేది. కోటు విప్పమన్నాడు. ఒక జేబులో గుడ్లు. ఒకదాంట్లో నీళ్ల సీసా. ఒక తువ్వాలు. ఆ తువ్వాలు తడిస్తే ఇంకో తువ్వాలు. నా వెనకున్నవాళ్లు పైకి లెక్కపెట్టడం మొదలుపెట్టారు. పదకొండు, పన్నెండు, పదమూడు. పద్నాలుగో జేబులోంచి గార్డు మడతపెట్టిన గుడ్డ ఒకటి తీసి దులిపాడు. అది మా ఆవిడ సంచి.

"సార్, సంచి" అన్నాడు.

"అది నాది కాదు."

"కోటు?"

"కోటు నాదే."

గేటు దగ్గర అడ్డంగా కట్టిన తాడుకి అవతల మా ఆవిడ పూలమొక్కలు చూస్తోంది. అంత శ్రద్ధగా ఆవిడ పూలని చూడగా నేను అంతకుముందు ఎన్నడూ చూడలేదు.

గార్డు సంచి మడిచి నాకిచ్చి, బోర్డు చూపించాడు. "సంచి సంగతి వదిలేయండి సార్. ఈ కోటుకి పద్నాలుగు అరలు. అటు వరుసలోకి వెళ్లండి."

"కోటు బట్టయ్యా, సంచెలా అవుతుంది?"

"'ఏదైనా' అని ఉంది కదా సార్. రాసినాయన ఎవరో గాని మా పని తేలిక చేశాడు. ఇది చేతులున్న సంచి."

ఆ రాసినాయన నేనేనని చెప్పాలని నోటిదాకా వచ్చింది. మింగేశాను.

గంటమ్మ తాడు దగ్గరికి పరుగెత్తుకొచ్చింది. "నాన్నా, నువ్వు సంచివా?"

"ప్రస్తుతానికి అంతేనమ్మా. మీరు వెళ్లండి."

"నువ్వు రాకుండా నేను వెళ్లను."

పదకొండుకి ఇంక పావుగంటే ఉంది. అది తాడు పట్టుకుని కదలడం లేదు. ఇంకో ఇద్దరు పిల్లలు దాన్ని దాటి రైలు వైపు నడిచారు. నేను వంగి దాని చెవిలో అన్నాను. "పరుగెత్తు. ఇక్కణ్ణించి కూడా బాగానే వినబడుతుంది."

అది నా మొహం ఒకసారి చూసి, వాళ్లమ్మ చెయ్యి లాక్కుంటూ పరుగెత్తింది.

నేను మలుపు దాకా నడిచి వరుస చివర నిలబడ్డాను. అక్కడ అందరూ అభిప్రాయాలు చెప్పుకుంటున్నారు. పెద్ద బొర్ర ఉన్న ఒకాయన, "వీళ్లు వెతికేది బాంబు కోసం కాదండీ, బన్ను కోసం. బయటి తిండి వెళ్లకూడదు, లోపలిదే కొనాలి" అన్నాడు. ఆసుపత్రి నర్సు ఒకావిడ, "వెతకనివ్వండి, పోయేదేముంది. మనం ఒకసారి నిలబడితే వెయ్యిమంది నిశ్చింతగా తిరుగుతారు" అంది. అల్లికబుట్ట పట్టుకున్న పెద్దావిడ ఒకరు నవ్వి, "నా బుట్టలో ఏముందని అడిగేవాళ్లు నాకు ఇక్కడే దొరుకుతారు నాయనా. అందుకే నెలకోసారి వస్తాను" అంది.

"మీ అభిప్రాయం ఏంటి సార్?" అని నన్నడిగారు.

పోయినేడు నా దగ్గర రెండు పేజీల అభిప్రాయం ఉండేది. ఇప్పుడు నాలుగు గుడ్లున్నాయి. వాటిని ఎలాగూ లోపలికి పోనివ్వరు. "గుడ్డు తింటారా?" అన్నాను. పెద్దావిడ బుట్టలోంచి ఉప్పు తీసింది. నలుగురం తలా ఒకటి తిన్నాం.

సగం గుడ్డు నోట్లో ఉండగా గోడ అవతల గంట మోగింది. రెండు దెబ్బలు గబగబా. నేను నమలడం ఆపేశాను. మూడోది ఆగి, నిదానంగా.

"మా అమ్మాయి" అన్నాను. ఎవరూ అడగలేదు. అయినా అందరికీ చెప్పాను.

నేను లోపలికి చేరేసరికి పదకొండున్నర. మా ఆవిడ బెంచీమీద ఒళ్లో చేతులు పెట్టుకుని కూర్చుంది. ఉత్తచేతులతో ఆవిణ్ణి బయట చూడటం నాకదే మొదలు.

"సంచి నా జేబులో ఎందుకు పెట్టావు?"

"సంచి లేనివాళ్ల వరుసలో సంచి పట్టుకుంటే ఏం బాగుంటుంది?"

"కోటు సంచి అవుతుందని నీకు ముందే తెలుసు."

"మూడు చాలవా అని రెండుసార్లు అడిగాను."

"సూటిగా చెప్పొచ్చుగా."

"చెబితే కోటు మానేస్తారు. సామానంతా మళ్లీ నా సంచిలోకే వస్తుంది. పోయినేడు నా సంచి మూలంగా దాని గంట పోయింది. ఈసారి ఎవరో ఒకరు సంచి అవ్వాలి కదండీ" అంది.

నేను కోటు విప్పి ఆవిడ భుజాల చుట్టూ కప్పాను. వాన లేదు. అయినా కప్పాను.

సాయంత్రం బయటికొచ్చేటప్పుడు అభిప్రాయాల పుస్తకం దగ్గర ఆవిడ ఆగింది. ఒకే వాక్యం రాసింది. "తనిఖీ చాలా బాగుంది. పదేళ్లుగా నావల్ల కానిది మీరు పది నిమిషాల్లో చేశారు, మావారి జేబులన్నీ ఖాళీ అయ్యాయి." దానికి కూడా పార్కు నుంచి కార్డు వచ్చింది. ఆవిడ దాన్ని నా కార్డు మీద గుచ్చింది.

ఆవిడ పోయి ఆరేళ్లయింది. కోటు ఉంది. నా గది తలుపు వెనక కొక్కేనికి వేలాడుతుంది. పద్నాలుగో జేబులో సంచి, మొదటి జేబులో రెండువందల గ్రాములు. ఒక్క కుట్టు ఊడలేదు. తలుపు వేసినప్పుడల్లా ఇత్తడి చెక్కకి తగిలి ఠంగుమంటుంది.

గంటమ్మకి ఇప్పుడు ముప్ఫై నిండాయి. రోజూ రాత్రి నా గదిలో దీపం ఆర్పేది అదే. నేను నిద్రపోయాననుకుంటుంది. ఇత్తడి మోగితే లేస్తానని, తలుపు సందులోంచి చెయ్యి లోపలికి పెట్టి కోటుని అదిమిపట్టుకుని, ఆఖరున చెయ్యి లాక్కుని, చప్పుడు కాకుండా తలుపు వేసేస్తుంది.