పది నలభైకి కలగవలసిన ప్రేరేపణ

ఈ భూమ్మీద మా సంఘానికి యజమాని లేడు! బిషప్పు లేడు, పై కార్యాలయం లేదు. పైన ఉన్నది ఒక్క క్రీస్తే. ఆయన కింద నేరుగా మేమే. ఇలంజిక్కరలో పంపా నది ఒడ్డున ఉన్న మా ప్రార్థన హాలు గోడమీద ఈ మాట నీలిరంగు అక్షరాలతో రాసి ఉంటుంది. అక్షరాలు ఎంత ఎత్తుండాలో, నీలం ఎంత ముదురుండాలో కేంద్రం నుంచి ఉత్తర్వు వచ్చాకే రాయించాం.

నా పేరు మత్తాయి. ఈ సంఘానికి పెద్దని. అంటే ముప్ఫై ఏడుమంది విశ్వాసులకు కేంద్రం పంపిన కాగితం చదివి వినిపించేవాణ్ణి. చదవడంలో నాకు మంచి పేరుంది.

మొదట్లో మా పద్ధతి వేరు. ఆదివారం తొమ్మిదిన్నరకు రొట్టె, ద్రాక్షరసం పెట్టిన బల్ల చుట్టూ కూర్చునేవాళ్ళం, అంతే. కార్యక్రమమంటూ ఏమీ లేదు. ఎవరికి ప్రేరేపణ కలిగితే వాళ్ళు లేచి పాట నంబరు చెబుతారు, లేదా ప్రార్థన చేస్తారు. కలగకపోతే అందరం మౌనంగా కూర్చోవడమే. ఒక వానాకాలం ఆదివారం గంటంపావు సేపు ఎవరికీ ఏమీ కలగలేదు. ఆ గంటంపావులో నోరు విప్పింది గోడమీది బల్లి ఒక్కటే. అయినా ఆ రోజు ఇంటికి వెళుతుంటే మనసు కడిగినట్టుగా ఉండింది. ఆ మౌనం ఇప్పటికీ గుర్తొస్తుంది, గుర్తొచ్చినప్పుడల్లా బాధేస్తుంది. ఇక స్త్రీలంటారా, వాళ్ళు ముసుగు వేసుకుని కూర్చోవాలి తప్ప సభలో మాట్లాడకూడదు. ఆ కట్టుబాటు పూర్తిగా మాదే. దానికి ఎవరి ఉత్తర్వూ అవసరం లేకపోయింది.

పదకొండేళ్ళ కిందట ఈపెన్ సహోదరుడు మూడు రోజుల కూటాలకు మా ఊరు వచ్చాడు. నేను నాయకుణ్ణి కాను, ఉత్త ధూళిని అని కన్నీళ్ళు పెట్టుకున్నాడు. అంత పొడవైన కారులో వచ్చిన ధూళిని మేము అంతకుముందు చూసి ఎరగం. మేమూ ఏడ్చాం. బిరుదులు పాపమనీ, తనను ఉత్తి 'సహోదరుడు' అంటే చాలనీ అన్నాడు. ఏడాది తిరిగేసరికి పేరు లేకుండా సహోదరుడంటే ఈ లోకంలో ఆయనొక్కడే అయ్యాడు. తక్కినవాళ్ళం పేర్లు తగిలించుకుని తిరుగుతున్నాం.

మొదట సలహాలే ఇచ్చేవాడు, అదీ అడిగినవాళ్ళకే. అడగనివాళ్ళ ఆత్మీయ స్థితి గురించి మరీ దిగులుపడేవాడు కాబట్టి అందరం అడిగేవాళ్ళం. ఆ తరవాత గొడవలు రాకుండా ఉండేందుకని హాలు దస్తావేజు ఆయన నడిపే కేంద్రం పేర రాసిచ్చాం. గొడవలు నిజంగానే రాలేదు, గొడవపడటానికి మా దగ్గర ఏమీ మిగల్లేదు. ఆపైన ఫోన్లో 'సహవాసం' అని ఒక గ్రూపు పెట్టారు. అందులో రెండువందల నలభై సంఘాలున్నాయి, మాట్లాడే వీలు మాత్రం సహోదరుడికే. మేము చేతులు జోడించిన బొమ్మ పెట్టవచ్చు. పది నిమిషాల్లోగా పెట్టనివాళ్ళ పేర్లు ఆయన కార్యదర్శి జాయ్‌సన్ రాసుకుంటాడు.

చివరికి క్రమపత్రం వచ్చింది. ప్రతి కూటానికీ ఒకటి, ముద్రతో సహా. 'తొమ్మిది యాభైకి వర్కీ హృదయం ప్రేరేపించబడును. అతడు రెండువందల పన్నెండో పాట కోరును.' ఒక ఆదివారం వర్కీ జ్వరంతో పడుకున్నాడు. బదులుగా వేరొకరి హృదయం ప్రేరేపించబడటానికి అనుమతి తెప్పించేసరికి పదిన్నర దాటింది.

ఇదేమిటని అడిగితే 'ప్రశ్నించే ఆత్మ' పట్టినట్టు లెక్క. మన హాల్లో ఫ్యాను పెట్టుకోవడానికి కూడా పైకి రాయాలా అని తంకచ్చన్ అడిగాడు. అప్పటినుంచి ఎనిమిది నెలలుగా క్రమశిక్షణ కింద వరండాలో కూర్చుంటున్నాడు. అక్కడ గాలి బాగా తగులుతోందట. లోపల మాకు ఫ్యాను ఇంకా మంజూరు కాలేదు.

ఇటువంటి స్వతంత్ర సంఘంలో శోశామ్మ మనవరాలు రెన్సికి పెళ్ళి కుదిరింది.

శోశామ్మకు డెబ్బై నాలుగేళ్ళు. కొడుకూ కోడలూ పోతే, తెల్లవారుజామున లేచి రబ్బరు చెట్లకు తానే గాటు పెట్టి పాలు తీసి, ఆ పిల్లను నర్సు చదివించింది. పెళ్ళికొడుకు జెబిన్ దోహాలో పని చేస్తాడు. వాళ్ళదీ కేంద్రం కింది సంఘమే. పెళ్ళికి అనుమతి రావడానికి ఏడు నెలలు పట్టింది. వచ్చేసరికి జెబిన్‌కు సెలవు ఇరవై రోజులే దొరికింది. కేంద్రం ఇచ్చిన తేదీ ఆ సెలవు చివర్లో పడింది. గురువారం పెళ్ళి, శనివారం విమానం. కేంద్రం ఇచ్చే పెళ్ళి ధ్రువపత్రం వెంట తీసుకుపోతేనే అక్కడ భార్యకు వీసా వస్తుంది. క్రమపత్రం మొదటి పంక్తి నుంచి చివరి పంక్తి దాకా అమలు జరిగితేనే ధ్రువపత్రం. జరగకపోతే ఆ పెళ్ళి పెళ్ళి కాదు. వచ్చే ఏడు సెలవు దొరుకుతుందో లేదో, ఆ ముసలమ్మ అంతదాకా ఉంటుందో ఉండదో.

గురువారం పొద్దున క్రమపత్రం నా చేతికొచ్చింది. కవరు చింపి చూస్తే, పైన 'భూస్థాపన క్రమము' అని ఉంది.

సంగతి నాకు వెంటనే తెలిసిపోయింది. అదే రోజు అదే వేళకు పాలక్కుళి సంఘంలో చాకోచ్చన్ అనే ఎనభై ఆరేళ్ళ సహోదరుణ్ణి సమాధి చేస్తున్నారు. వాళ్ళ కాగితం మాకొచ్చింది, మాది వాళ్ళకు పోయింది. జాయ్‌సన్‌కు ఫోను చేశాను.

"బ్రదర్, మాది పెళ్ళి. వచ్చిన పత్రం చూస్తే..."

"కేంద్రం నుంచి వచ్చిందేనా?"

"అవును."

"ముద్ర ఉందా?"

"ఉంది బ్రదర్."

"మరింకేంటి మత్తాయి బ్రదర్? మీలో ఏమన్నా ప్రశ్న ఉందా?"

"అబ్బే, లేదు. మీరు బాగున్నారో లేదో కనుక్కుందామని చేశాను" అన్నాను.

వరండాలో రెండో కుర్చీ వేయడానికి చోటుంది. అది నాకు తెలుసు. నా భయమంతా ధ్రువపత్రం గురించే అని ఆ పూట నాకు నేను చెప్పుకున్నాను.

పదింటికి మొదలుపెట్టాం. ఆవలి ఒడ్డుకు చేరినవాళ్ళ పాట చెప్పాను. తెల్లచీరలో, ముసుగులో ఉన్న రెన్సి తలెత్తి నన్ను చూసింది. మగపెళ్ళివారు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. అయితే మంచి శిక్షణ ఉన్నవాళ్ళు. రెండో చరణానికి వచ్చేసరికి అందరూ అందుకున్నారు. అందరికంటే గట్టిగా జెబిన్ తండ్రి పాడాడు. ఆయనా వాళ్ళ సంఘంలో పెద్దే.

పదీ పదిహేనుకు సందేశం చదివాను. "ఎనభై ఆరు సంవత్సరాలు నమ్మకంగా సేవించి, నేడు మన ఎదుట విశ్రమించియున్న ఈ సహోదరుడు..." జెబిన్‌కు ఇరవై తొమ్మిది. చక్కగా కోటు వేసుకుని మా ఎదుట విశ్రమించియున్నాడు. "ఈ కన్నులు ఇక తెరువబడవు" అని చదివేసరికి పాపం గబుక్కున కళ్ళు మూసుకున్నాడు. మర్యాద తెలిసిన కుర్రాడు.

పదీ పాతికకు కుటుంబసభ్యులు కడసారి ముద్దు పెట్టుకోవాలి. వరసగా వచ్చారు. జెబిన్ తల్లి కొడుకు నుదుటిమీద ముద్దు పెట్టి నిజంగానే ఏడ్చింది. అది చూసి మా ఆడవాళ్ళకూ కళ్ళనీళ్ళు ఆగలేదు. మనిషి బతికే ఉన్నాడన్న మాట ఆ హాల్లో ఒక్కరి నోటా రాలేదు. నా నోటా రాలేదు.

పది నలభైకి ఆరుగురు సహోదరులు ఎత్తుకొని సమాధుల తోటకు సాగవలెను అని ఉంది. ఆరుగురూ లేచారు. జెబిన్ కుర్చీ చుట్టూ నిలబడ్డారు. వర్కీ వంగి కుర్చీ కాలు పట్టుకుని, లేపమంటావా అన్నట్టు నా వంక చూశాడు. నేను కాగితం వంక చూశాను. బయట పందిట్లో కట్లెట్లు చల్లారిపోతున్నాయి.

అప్పుడు ఆడవాళ్ళ వైపు ఒక బెంచీ కిర్రుమంది. శోశామ్మ లేచి నిలబడింది.

"మత్తాయీ, ఇక్కడ చచ్చిందెవరు?"

అరవై ఏళ్ళలో ఆమె ఆ హాల్లో నోరు తెరవడం అదే మొదటిసారి.

"అబ్బాయికి ఊపిరాడుతోంది. నా పిల్లకీ ఆడుతోంది. మరి మీరంతా కలిసి ఎవర్ని మోసుకుపోతున్నారు? పేరు చెప్పండయ్యా, నేనూ ఏడుస్తాను."

ముప్ఫై ఏడుమంది ఇంటివాళ్ళం, నూటయాభై మంది చుట్టాలు. ఒక్కరు జవాబు చెప్పలేదు. వర్కీ మెల్లిగా కుర్చీ కాలు వదిలేశాడు. శోశామ్మ ముందుకు నడిచి వచ్చి, రెన్సి చెయ్యి తీసి జెబిన్ చేతిలో పెట్టింది. ప్రమాణం వాళ్ళకు నోటికే వచ్చు. చిన్నప్పటినుంచి ఎన్ని పెళ్ళిళ్ళలో వినలేదు! ఒకరి తరవాత ఒకరు చెప్పారు. నేను కాగితం మడిచి జేబులో పెట్టుకుని ప్రార్థన చేశాను. కాగితం లేకుండా ప్రార్థించడం ఆరేళ్ళలో అదే మొదలు. మాటలు తడబడ్డాయి. అయినా నాకెంత సంతోషం వేసిందో చెప్పలేను.

ఆ సంతోషం శుక్రవారం పొద్దున ఏడింటిదాకా ఉంది. పెళ్ళికి వచ్చినవాళ్ళెవరో ఫోన్లో తీసిన వీడియో కేంద్రానికి చేరింది. చివరి పంక్తి అమలు జరగలేదు కాబట్టి ధ్రువపత్రం లేదని జాయ్‌సన్ చెప్పాడు. మర్నాడే విమానం. నేను దొరికిన మొదటి బస్సు పట్టుకుని కేంద్రానికి పరిగెత్తాను.

సహోదరుడు నన్ను చూడగానే ఏడ్చాడు. నా బిడ్డలే నన్ను గాయపరిచారన్నాడు. నేను ఆయన కాళ్ళ దగ్గర కూర్చుని, తప్పంతా నాదేననీ, పిల్ల బతుకు పాడుచేయవద్దనీ వేడుకున్నాను. కాగితాలు తారుమారైన సంగతి మాత్రం చెప్పలేదు. చెబితే అది ప్రశ్న కిందికి వచ్చినా రావచ్చు.

ఆయన కళ్ళు తుడుచుకుని ఒకటే అడిగాడు.

"ఆ సహోదరి లేచినప్పుడు టైమెంత?"

"పది నలభై."

ఆయన కళ్ళు మూసుకున్నాడు. కళ్ళు తెరిచేసరికి మొహం వెలిగిపోతోంది.

"అది నేను ముందే చూశాను" అన్నాడు.

మధ్యాహ్నానికల్లా సర్క్యులర్ తయారైంది. వివాహమంటే స్వార్థానికి భూస్థాపన! ఆ మర్మం సహోదరునికి చాలాకాలం క్రితమే బయలుపరచబడినది. మొట్టమొదట ఇలంజిక్కరలో అమలు చేయబడినది. ఇకమీదట రెండువందల నలభై సంఘాల్లోనూ పెళ్ళిళ్ళు ఇదే క్రమంలో జరగవలెను. సరిగ్గా పది నలభైకి వృద్ధ సహోదరి ఒకరు ప్రేరేపించబడి లేచి, 'ఇక్కడ చచ్చిందెవరు?' అని అడగవలెను. పాలక్కుళి సంగతి కూడా అందులోనే రాశారు. అక్కడ పెళ్ళిపాట పాడి, పూర్ణహృదయంతో అంగీకరిస్తున్నావా అని చాకోచ్చన్‌ను మూడుసార్లు అడిగారట. ఆయన ఒక్క ఎదురుప్రశ్న కూడా వేయలేదు. అందుకని విధేయతకు ఆయనను మాదిరిగా పేర్కొన్నారు.

జరిగిందంతా, శోశామ్మ ప్రశ్నతో సహా, కేంద్రం క్రమం ప్రకారమే జరిగిందని నేను సంతకం పెట్టాలి. పెడితే ధ్రువపత్రం అక్కడికక్కడే ఇస్తారు. ఆ కాగితం పక్కనే ఇంకో కాగితం ఉంది. నలభై సంఘాలకు నన్ను సహాయక సహోదరుడిగా నియమించినట్టు. రెంటిమీదా సంతకం పెట్టాను. అంతా రెన్సి కోసమేనని అందరికీ చెబుతుంటాను. మొదటి సంతకం నిజంగానే ఆ పిల్ల కోసం.

సాయంత్రం ధ్రువపత్రం, సర్క్యులర్ తీసుకువెళ్ళి శోశామ్మకిచ్చాను. కళ్ళజోడు పెట్టుకుని రెండూ నిదానంగా చదువుకుంది.

"అయితే నేను లేచింది మీవాళ్ళు లేవమన్నందుకా?"

"ఉత్త కాగితంమీది మాటే అమ్మచ్చీ" అన్నాను.

"అరవై ఏళ్ళకి ఒక్క మాటన్నాను మత్తాయీ. దాన్నీ ఎత్తుకుపోయారా?"

ధ్రువపత్రం చీర కొంగుతో ఒకసారి తుడిచి, రెన్సి పెట్టెలో పెట్టింది. సర్క్యులర్ నాకే తిరిగిచ్చింది. జెబిన్ శనివారం వెళ్ళాడు. రెండు నెలలకు రెన్సి కూడా వెళ్ళింది. ఆ తరవాతి ఆదివారం నుంచి శోశామ్మ లోపలికి రావడం మానేసి, వరండాలో తంకచ్చన్ పక్కన కూర్చుంటోంది. ఆమెను ఎవరూ అక్కడ కూర్చోమనలేదు.

నేనిప్పుడు చేతిసంచీతో సంఘాలు తిరుగుతున్నాను. ప్రతిచోటా వృద్ధ సహోదరీలను కూర్చోబెట్టి, ఉన్నట్టుండి ప్రేరేపించబడటం ఎలాగో నేర్పుతాను. ముందు బెంచీ కిర్రుమనాలి, తరవాత లేవాలి, గొంతు కొంచెం వణకాలి. బాగానే నేర్చుకుంటున్నారు. పోయిన నెల ఒక ఊళ్ళో, వెనకవరసలోంచి ఒకావిడ చెయ్యెత్తింది.

"అచ్చాయా, మేం అడిగినప్పుడు ఎవరన్నా జవాబు చెబితే ఏం చెయ్యాలి?"

సర్క్యులర్ అటూ ఇటూ తిప్పి చూశాను. ఆ సంగతి ఎక్కడా లేదు. మార్గదర్శనం కోసం కేంద్రానికి రాశాను. ఎన్నడూ లేనిది అదేరోజు జవాబొచ్చింది: 'ఎవరూ చెప్పరు.'

ఇప్పటికి పందొమ్మిది పెళ్ళిళ్ళయ్యాయి. పందొమ్మిదింటిలోనూ నేను ముందువరసలోనే కూర్చున్నాను. ఎవరూ చెప్పలేదు.