అంగారకయాత్రకు అత్తగారి మూకుడు

క్రీస్తుశకం రెండువేల నాలుగో సంవత్సరాన, ఫాల్గుణ భానుడు గుంటూరు డాబాలన్నింటిపైనా మిరపకాయలను రక్తవర్ణసాగరంలా పరచి ఎండబెడుతున్న శుభవేళ, బ్రాడీపేటలోని ఒక మేడ మీది వాటాలో, బాలికల పాఠశాల సైన్సు ఉపాధ్యాయిని, సుద్దముక్కాయుధధారిణి, లక్ష్మీదుర్గ అంగారకగ్రహంపై ప్రాణాన్వేషణార్థం నౌకను నిర్మించెను. వినుడు!

అట్టపెట్టె దేహంగా, సైకిలు ఊచలు కాళ్లుగా వెలసిన ఆ నౌకాగర్భంలో రెండు గాజుసీసాలు. వాటిలో మట్టి, బెల్లంనీళ్లు, మూతులకు బెలూన్లు. మట్టిలో సూక్ష్మజీవులుంటే బెల్లం తిని గాలి వదులుతాయి, బెలూను ఉబ్బుతుంది. ప్రాణం లేని మట్టి మీది బెలూను ఉబ్బరాదు.

ప్రాణం లేని మట్టి కోసం ఆ ధీరవనిత, ఎరువు వేసిన మందారకుండీ మట్టినే తీసి మిరపకాయల పక్కన ఎండబెట్టింది. కాయలను గలగలలాడించే ఎండకు క్రిములు నిలుస్తాయా అనుకుంది, గుంటూరు ఆడపడుచు గనుక. నిలిచాయి. రెండు బెలూన్లూ పెళ్లిభోజనం చేసిన వియ్యంకుల పొట్టల్లా ఉబ్బాయి. ఎల్లుండే జిల్లా సైన్సు ప్రదర్శన! అంతటా ప్రాణముందనే నౌకను నమ్మేదెవరు?

ఇక మట్టిని వేయించి చంపవలసిందే. దళసరి ఇనుప మూకుడు ఆ ఇంట ఒక్కటే. అది పోపుప్రవీణ, కారప్పొడికార్యధురంధర, అత్తగారు వెంకటేశ్వరమ్మ ఏలుబడిలో ఉంది.

"అత్తయ్యా! మానవజాతి యావత్తూ మీ వంటింటి గడపలో చేయి చాచి నిలబడింది. ఒక్కపూట మూకుడివ్వండి!"

"ఎందుకే?"

"మట్టి వేయించాలండి."

"పెంట వేసిన మట్టా? మా అమ్మ పెట్టిన మూకుట్లోనా?"

"అందులో ప్రాణులన్నీ చావాలండి."

"చంపడానికి నా మూకుడే దొరికిందా? రేపు వంకాయ వేపుడు అందులో చేసిందే తింటావు నువ్వు!"

తర్కశరపరంపర గడప దాటలేక విరిగి పడగా, లక్ష్మీదుర్గ కడపటి అస్త్రాన్ని మెత్తని గొంతుతో సంధించింది.

"పోనీలెండి. కింద వాటా రాజేశ్వరిగారిని అడుగుతా."

వంటిల్లు కంపించింది. గరిటెలు గజగజలాడాయి.

"ఆవిడ్నా! కోడలికి మూకుడు కూడా ఇవ్వలేదని బజారంతా టముకేస్తుంది. పట్టుకుపో! ఇసుకేసి మూడుసార్లు నువ్వే తోమాలి, చెప్తున్నా!"

అంతట డాబాపై కిరోసిన్ స్టవ్వు భుగభుగమని మండగా, మూకుడంచున దాగిన పాత కారం పగబట్టి పైకి లేవగా, దగ్గుతూ, తుమ్ముతూ, కన్నీరుమున్నీరవుతూ కూడా ఆ వీరాంగన గరిట దించలేదు. వేయించిన మట్టీ మరిగించిన బెల్లంనీళ్లూ ఒక సీసాలో చేరాయి. రెండో సీసాలో పచ్చిమట్టి.

మర్నాడు పొద్దున్నే వెంకటేశ్వరమ్మ కేక వేసింది.

"ఏమేవ్, దుర్గా! నీ ఓడ పాడైపోయిందే. ఒకటి బాగానే ఉబ్బింది. వేయించిన మట్టిదేమో చచ్చుబడి వేలాడుతోంది!"

లక్ష్మీదుర్గ పరుగున వచ్చి చూసి, అత్తగారిని అమాంతం వాటేసుకుంది.

"ఏమీ రాకపోతే ఇంత సంబరమేమిటే? వదులు, తల్లీ, పాలు పొంగుతున్నాయి!"

దిక్పాలకులారా, ఆలకింపుడు! గ్రహమండలమా, చెవి యొగ్గుము! జయభేరులు మ్రోయుగాక! గుంటూరు మహానగరమున, బ్రాడీపేటలో, ఒక బెలూను ఉబ్బలేదు.